అసాధ్యాలు ఎన్ని రకాలు?

“విమానం ఎగరదన్నరు, ఎగిరింది. చంద్రుని మీదికి పోలేరన్నరు, పోయొచ్చిన్రు. మరి నీళ్ళతోని బండి నడవదని ఎట్లంటరు సార్?”

తార్నాక చౌరస్తాలో పెట్రోలు ధర మీద మొదలైన ఏ మాటైనా కాసేపటికి ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది. అడిగేది ఆటో నడిపే ఆయన కావచ్చు, ఉస్మానియా హాస్టల్లో ఉండి పీజీ చదివే కుర్రాడూ కావచ్చు. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. నిన్నటిదాకా పెద్దపెద్దవాళ్ళు కుదరదని తేల్చేసిన పనులు ఇవాళ మన కళ్ళముందే జరుగుతున్నాయి. అలాంటప్పుడు దేన్నయినా పట్టుకుని అసాధ్యమని ముద్ర వేయడానికి సైన్సుకేం అధికారం ఉంది? ‘ఇప్పటికి సాధ్యం కాలేదు’ అంటే సరిపోదా?

సరిపోదు. ఎందుకు సరిపోదో చూడటమే ఈ అధ్యాయం పని. దానికోసం ఎక్కువ దూరం వెళ్ళనక్కర్లేదు. ఉస్మానియా క్యాంపస్‌లోంచి బయటపడి తార్నాక మీదుగా ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే రసాయనాల మీద పనిచేసే ఐఐసీటీ, జీవకణాల గుట్టు విప్పే సీసీఎంబీ, భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్‌ఐ ఆ దారిలోనే వస్తాయి. ఈ సంస్థల్లో పనిచేసేవాళ్ళకు రోజూ ఎదురయ్యే అసాధ్యాలు ఒక్క జాతివి కావు. అన్నిటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే మన తికమకంతా మొదలవుతుంది.

ఒకే అకాడమీ, రెండు తీర్పులు

ముందు ఒక పాత కథ. 1768లో ఫ్రాన్సులోని లూసే అనే ఊళ్ళో ఆకాశం నుంచి రాయి పడింది. పొలంలో పనిచేసుకుంటున్నవాళ్ళు పడటం చూశామన్నారు. పారిస్ సైన్స్ అకాడమీ ఆ రాయిని పరీక్షించడానికి ముగ్గురిని నియమించింది. వాళ్ళలో ఒకడు లెవోయిజర్. ఆధునిక రసాయన శాస్త్రానికి పునాది వేసిన మనిషి. 1772లో వాళ్ళిచ్చిన నివేదిక సారాంశం ఇది: రాయి ఆకాశం నుంచి పడలేదు, నేలమీదున్న రాయి మీదే పిడుగు పడింది.

మూడేళ్ళ తర్వాత, 1775లో, అదే అకాడమీ ఇంకో తీర్మానం చేసింది. బయటి నుంచి ఏ శక్తీ ఇవ్వకుండా దానంతటదే ఎల్లకాలం తిరిగే యంత్రం కనిపెట్టామంటూ వచ్చే దరఖాస్తులను ఇకమీదట చూడబోమని చెప్పేసింది. కోణాన్ని మూడు సమభాగాలు చేశామనీ, వృత్తానికి సరిసమానమైన వైశాల్యంతో చతురస్రం గీశామనీ వచ్చే కాగితాలకు కూడా అదే గతి పట్టించింది.

మొదటి తీర్పు ముప్ఫై ఏళ్ళకే కూలింది. 1803లో ఫ్రాన్సులోనే లెగ్ల్ అనే ఊరి చుట్టుపక్కల వేల సంఖ్యలో రాళ్ళు కురిశాయి. బియో అనే యువ శాస్త్రవేత్త ఊరూరా తిరిగి, రాళ్ళు ఏరి, జనం చెప్పింది రాసుకుని వచ్చాక ఉల్కలు నిజమేనని ఒప్పుకోక తప్పలేదు. రెండో తీర్పు మాత్రం రెండున్నర శతాబ్దాలుగా చెక్కు చెదరలేదు.

తీర్పు చెప్పింది ఒకే సంస్థ. పండితులూ దాదాపు వాళ్ళే. తేడా ఎక్కడుంది? తీర్పు వెనకనున్న కారణంలో ఉంది. రాళ్ళు పడవని చెప్పడానికి వాళ్ళ దగ్గరున్నది ‘ఆకాశంలో రాళ్ళెందుకుంటాయి?’ అన్న నమ్మకం, పల్లెటూరివాళ్ళ మాట మీద చిన్నచూపు. ఆగని యంత్రం విషయంలో ఉన్నది వందల ఏళ్ళ ప్రయత్నాల చరిత్ర. 1150 ప్రాంతంలో మన భాస్కరాచార్యుడు కూడా ఆకుల్లో పాదరసం నింపితే తనంతట తాను తిరిగే చక్రాన్ని వర్ణించాడు. ఎవరు ఎన్ని రకాలుగా మార్చి చూసినా అలాంటి చక్రం ఒక్కటీ తిరుగుతూ ఉండిపోలేదు. నిజానికి ఆ నాటికి అకాడమీ దగ్గర కూడా రుజువులేమీ లేవు. అవి తర్వాత వచ్చాయి, కానీ వచ్చాయి. అందుకని ఎవరైనా అసాధ్యమన్నప్పుడు ఆ మనిషి ఎంత గొప్పవాడో చూడటం కన్నా, ఏది అడ్డుపడుతోందని అంటున్నాడో అడగడం మేలు.

గుంటూరు ఆకాశం, కాకినాడ ఉత్తరం

అడ్డేమీ లేకుండానే అడ్డుందనుకోవడం మొదటి రకం. దీనికి చక్కటి ఉదాహరణ మన నేల మీదే జరిగింది.

1835లో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కామ్టె నక్షత్రాల గురించి ఒక హద్దు గీశాడు. వాటి దూరం కొలవచ్చు, కదలికలు లెక్కకట్టవచ్చు, కానీ అవి ఏ పదార్థాలతో తయారయ్యాయో మనిషి ఎప్పటికీ తెలుసుకోలేడన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. ముక్క తెచ్చి గాజుగొట్టంలో వేయకుండా పదార్థమేమిటో ఎలా చెబుతాం?

పాతికేళ్ళు తిరక్కుండానే జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ దారి కనిపెట్టారు. మండే ప్రతి మూలకమూ తనకు మాత్రమే చెందిన కొన్ని రంగుల్లో వెలుగుతుంది. ఉప్పు పొయ్యిలో పడితే మంట పసుపు పచ్చగా మారేది అందులోని సోడియం వల్లే. వెలుగును పట్టకం గుండా పంపి రంగుల పట్టీగా పరిస్తే, ఏ మూలకం ఉందో ఆ పట్టీలోని గీతలు చెప్పేస్తాయి. ముక్క చేతికి రానక్కర్లేదు, దాని వెలుగు వస్తే చాలు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాని నీడ పడే దారిలో కృష్ణా, గుంటూరు ప్రాంతాలున్నాయి. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ బందరులో మకాం వేశాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరును ఎంచుకున్నాడు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పేయగానే అంచుల్లో ఎర్రటి జ్వాలలు కనిపించాయి. జాన్సెన్ వాటి వెలుగును పట్టకం గుండా చూశాడు. కొన్ని గీతలు మాత్రం ధగధగా మెరిశాయి. అంటే అవి మండుతున్న వాయువులన్నమాట. ముఖ్యంగా హైడ్రోజన్.

అప్పటిదాకా ఆ జ్వాలలు గ్రహణమప్పుడు తప్ప కనపడవని అందరి లెక్క. మామూలు రోజుల్లో సూర్యుడి వెలుతురు వాటిని ముంచేస్తుంది. జాన్సెన్‌కు తట్టిన ఉపాయం ఏమిటంటే, పట్టకం ఆకాశపు వెలుతురును రంగుల పట్టీ పొడవునా పరిచి పలచన చేస్తుంది. జ్వాల వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లోనే ఉంటుంది కాబట్టి పలచబడదు. మర్నాడు పొద్దున్నే, గ్రహణం లేకుండానే, గుంటూరులోనే ఆ జ్వాలలను చూశాడు. ఆ సంగతి రాస్తూ సెప్టెంబరులో కాకినాడ నుంచి పారిస్ అకాడమీకి ఉత్తరం పంపాడు. ఇంగ్లండులో లాకియర్ విడిగా అదే పని చేశాడు. ఇద్దరి కబురూ ఒకే రోజున అకాడమీకి చేరింది. ఆ గీతల్లో పసుపు పచ్చదొకటి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దాని పేరే హీలియం. సూర్యుడిలో ముందు కనిపించిన ఆ మూలకాన్ని భూమ్మీద రామ్సే పట్టుకున్నది 1895లో.

కామ్టె తెలివితక్కువవాడు కాదు. తనకు తెలిసిన దారులన్నీ మూసి ఉన్నాయని గమనించాడు, అసలు దారులే లేవనుకున్నాడు. విమానం ఎగరదన్నవాళ్ళదీ అదే కథ. గాలికన్నా బరువైనది ఎగరకూడదని ప్రకృతిలో నియమమేదీ లేదు. ఉంటే కాకి ఎగిరేది కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం వచ్చినప్పుడు, ఊళ్ళలో జనం తలుపులు మూసుకుని కూర్చుంటే, ఉస్మానియా వాళ్ళ జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ నీడ దారిలో ఉండి సూర్యుణ్ణి పరిశీలించింది. గుంటూరులో వింతగా మొదలైన పద్ధతి అప్పటికి విద్యార్థుల పాఠం.

చదరంగం పలక మీద రుజువు

ఇప్పుడు పూర్తిగా అవతలి కొసకు వెళదాం. చదరంగం పలక ఒకటి తెచ్చుకోండి. 64 గళ్ళు. పక్కపక్కనున్న రెండు గళ్ళను కచ్చితంగా కప్పేంత అగ్గిపెట్టెలు ఉన్నాయనుకోండి. 32 పెట్టెలతో పలకంతా కప్పేయవచ్చు. ఇప్పుడు ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండు మూల గళ్ళను కత్తిరించేయండి. 62 గళ్ళు మిగిలాయి. 31 పెట్టెలతో వీటిని కప్పగలరా?

పిల్లలకిస్తే గంటసేపు ప్రయత్నిస్తారు. ప్రతిసారీ రెండు గళ్ళు మిగిలిపోతాయి. ఇంకాస్త తెలివైనవాళ్ళకిస్తే కుదురుతుందేమో? కుదరదు. కారణం చూడండి. ఐమూలగా ఉన్న రెండు మూలలదీ ఒకే రంగు. రెండు తెల్లవి తీసేశామనుకుంటే మిగిలినవి 32 నల్లవి, 30 తెల్లవి. అగ్గిపెట్టెను ఎటు తిప్పి పెట్టినా ఒక నల్ల గడినీ, ఒక తెల్ల గడినీ కప్పుతుంది. 30 పెట్టెలు పెట్టేసరికి తెల్ల గళ్ళు అయిపోతాయి. మిగిలిన రెండు నల్ల గళ్ళూ పక్కపక్కన ఉండే ప్రసక్తే లేదు. అంతే. సూపర్ కంప్యూటరుకిచ్చినా, వెయ్యేళ్ళు గడువిచ్చినా, వేరే గ్రహం నుంచి ఎవరైనా దిగి వచ్చినా ఇది జరగదు. ఇది ‘ఇంకా సాధ్యం కానిది’ కాదు. ఎప్పటికీ కానిది.

కోణాన్ని మూడు చేయడం కూడా ఈ జాతిదే. గుర్తుల్లేని స్కేలు, వృత్తలేఖిని, ఈ రెండే వాడి 60 డిగ్రీల కోణాన్ని మూడు సమభాగాలు చేయలేమని 1837లో వాంట్జెల్ నిరూపించాడు. వృత్తానికి సమానమైన చతురస్రం గీయలేమని 1882లో లిండెమన్ పని తేల్చింది. అకాడమీ తలుపు మూసిన వందేళ్ళకు గానీ ఆ తలుపుకు తాళం పడలేదు.

అయితే ఈ కచ్చితత్వానికి ఒక షరతుంది. స్కేలు మీద రెండు గుర్తులు పెట్టుకోనిస్తే కోణాన్ని మూడు చేయవచ్చని ఆర్కిమెడిస్ కాలానికే తెలుసు. కాగితం మడతపెట్టీ చేయవచ్చు. ఒక అగ్గిపెట్టెను మధ్యకు కోయనిస్తే మన పలకా నిండిపోతుంది. ఆ నియమాల లోపల అసాధ్యం, వాటి బయట కాదు. ఇన్నేళ్ళుగా కోణాన్ని మూడు చేశామని గణిత విభాగాలకు కాగితాలు పంపేవాళ్ళందరూ తెలియకుండానే ఎక్కడో ఒక చోట నియమం దాటుతారు.

నీళ్ళతో బండి

ఇక ఆటో ఆయన ప్రశ్న. నీళ్ళలో హైడ్రోజన్ ఉంది, అది బాగా మండుతుంది, కాబట్టి నీళ్ళు ఇంధనం అవ్వాలి కదా? ఇక్కడ మరచిపోయే సంగతి ఒకటుంది. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి మండగా మిగిలేదే నీళ్ళు. అంటే నీళ్ళు హైడ్రోజన్ బూడిద. పొయ్యిలోంచి తీసిన బూడిదను మళ్ళీ పొయ్యిలో పెట్టి అన్నం వండుతామంటే ఏమంటాం? నీళ్ళను విడగొట్టి హైడ్రోజన్ తీయవచ్చు, స్కూలు ల్యాబుల్లోనే చేస్తారు. కానీ విడగొట్టడానికి ఇచ్చే శక్తి, తర్వాత మండించినప్పుడు తిరిగొచ్చే శక్తికన్నా ఎప్పుడూ తక్కువ కాదు. దారిలో కొంత వేడిగా పోతుంది కాబట్టి పెట్టుబడే ఎక్కువ. హైడ్రోజన్ బస్సులు తిరుగుతున్నాయి, నిజమే. ఆ హైడ్రోజన్‌ను మరెక్కడో వేరే శక్తి ఖర్చుపెట్టి తయారుచేసి నింపుతున్నారు.

1996లో తమిళనాడులో ఒకాయన మూలికలు వేసి నీళ్ళను పెట్రోలు చేస్తానంటే దేశమంతా నోరు తెరిచింది. చివరికి 2016లో చెన్నై కోర్టు దాన్ని మోసంగా తేల్చి శిక్ష వేసింది. రసాయన శాస్త్రం తెలిసినవాళ్ళు మొదటిరోజే నమ్మకపోవడానికి కారణం గర్వం కాదు. మూలికలు వేసినంత మాత్రాన ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం.

శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుంది. ఈ నియమం 1840లలో స్థిరపడింది. చదరంగం పలక మీద రుజువులాంటిది కాదిది. దీనికి ఆధారం అనుభవం. మరి అనుభవం రేపు మారకూడదా? మారవచ్చని శాస్త్రవేత్తలే ఒకసారి అనుమానించారు. కొన్ని రేడియోధార్మిక పరమాణువులు ఎలక్ట్రాన్‌ను బయటికి విసిరేటప్పుడు కొంత శక్తి లెక్కకు రాకుండా పోతోందని 1920లలో తేలింది. నీల్స్ బోర్ అంతటివాడు శక్తి నియమాన్నే వదులుకుందామా అన్నాడు. 1930లో పౌలీ ఇంకో మాటన్నాడు: నియమం సరైనదే, కంటికి చిక్కని కణమేదో ఆ శక్తిని మోసుకుపోతోంది. ఆ కణం, న్యూట్రినో, 1956లో దొరికింది. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను 1965లో మన పక్కనున్న కోలార్ బంగారు గనుల లోతుల్లోనూ పట్టుకున్నారు. శక్తి మాయం కావడం అసాధ్యమని మొండిగా పట్టుబట్టడమే కొత్త కణాన్ని తెచ్చిపెట్టింది.

కాబట్టి ఈ రకం అసాధ్యం కూలుతుందని పందెం కాయకూడదు. దాన్ని పడగొట్టాలంటే ఇంతవరకు జరిగిన ప్రయోగాలన్నిటినీ వివరిస్తూనే కొత్తది చూపగల సిద్ధాంతం కావాలి. బండికి తగిలించిన డబ్బా, రబ్బరు గొట్టం చాలవు.

జరగవచ్చు, కానీ జరగదు

నాలుగో రకం ఇంకా చిత్రం. దీన్ని ఏ నియమమూ అడ్డుకోదు. పేకదస్తా తీసుకుని బాగా కలపండి. 52 ముక్కలూ ఆసు నుంచి రాజు దాకా, రంగు తర్వాత రంగు, వరసగా వచ్చి కూర్చోవచ్చా? తప్పకుండా రావచ్చు. కానీ 52 ముక్కలను పేర్చే పద్ధతులు దాదాపు 8 పక్కన 67 సున్నాలు పెట్టినన్ని. విశ్వం పుట్టి సుమారు 1380 కోట్ల ఏళ్ళు. అప్పటి నుంచి ఇవాళ్టిదాకా 800 కోట్ల మంది సెకనుకొకసారి చొప్పున కలుపుతూ కూర్చున్నా, ఆ మొత్తం 28 అంకెల సంఖ్య దాటదు. అవతల ఉన్నది 68 అంకెల సంఖ్య. సీసా మూత తీస్తే గదంతా పరచుకున్న అత్తరు మళ్ళీ సీసాలోకి రాకపోవడానికీ ఇదే కారణం. ఏ అణువుకూ వెనక్కి రాకూడదన్న ఆంక్ష లేదు. అన్నీ కలిసి ఒకేసారి రావాలంటేనే చిక్కు.

హబ్సిగూడలోని సీసీఎంబీ నుంచి ఈ తేడా కోర్టుదాకా వెళ్ళింది. 1980లలో లాల్జీ సింగ్ అక్కడ, పసుపు నలుపు పట్టీల కట్లపాము డీఎన్ఏ నుంచి తీసిన ఒక ముక్కను వాడి, మనుషులను డీఎన్ఏ బట్టి గుర్తించే పద్ధతి తయారుచేశాడు. రాజీవ్ గాంధీ హత్య కేసులోనూ అది ఉపయోగపడింది. ఈ పరీక్షలో ఒక మెలిక గమనించాలి. రెండు నమూనాలు బొత్తిగా కలవకపోతే ‘ఈయన ఆ బిడ్డ తండ్రి కాదు’ అని గట్టిగా చెప్పవచ్చు. కలిస్తే మాత్రం ‘వేరే మనిషి కావడం అసాధ్యం’ అనరు. వేరొకరిలో ఇదే నమూనా ఉండే అవకాశం ఎంత తక్కువో అంకె చెబుతారు. ఒకే పోలిక కవలలుంటే ఆ అంకెకూ విలువ పోతుంది. ఇలాంటి చోట అసాధ్యం అనేసి ఊరుకోకుండా ఎంత అరుదో చెప్పడం సైన్సు మర్యాద.

ప్రకృతి ఒప్పుకున్నాక

1984లో ఇద్దరు జీవశాస్త్రవేత్తలు, మెక్‌గ్రాత్, సోల్టర్, ఎలుకల మీద ఎన్నో ప్రయోగాలు చేసి, కణకేంద్రకాన్ని మార్చి క్షీరదాలకు నకళ్ళు పుట్టించడం జీవశాస్త్రపరంగా అసాధ్యమని రాశారు. పన్నెండేళ్ళకు, 1996 జులై 5న, స్కాట్లాండులో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది. 277 ప్రయత్నాలకు ఒక్క పిల్ల. వాళ్ళ ప్రయోగాలు తప్పు కావు. తమకు కుదరకపోవడాన్ని ప్రకృతి నియమంగా చదవడం తప్పు.

డాలీ తర్వాత సీసీఎంబీకి ఒక ఆలోచన వచ్చింది. మన దేశంలో చీతాలు అంతరించాయని 1952లో ప్రకటించారు. ఆసియా చీతాలు ఇరాన్‌లో కొద్దిగా మిగిలాయి. వాటి కణాలు దొరికితే ఇక్కడ నకళ్ళు పుట్టించి చూద్దామన్నది లాల్జీ సింగ్ బృందం ఉద్దేశం. ఇరాన్ చీతాలనూ ఇవ్వలేదు, కణాలు తీసుకోవడానికీ ఒప్పుకోలేదు. పని అక్కడితో ఆగింది. చివరికి 2022లో మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయవనానికి వచ్చినవి ఆఫ్రికా చీతాలు. జీవశాస్త్రం కాదనకముందే అనుమతి కాదంది.

మనుషులు కట్టిన గోడలు చాలాసార్లు ప్రకృతి గోడల వేషం వేసుకుని నిలబడతాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయమే దానికి సాక్ష్యం. దేశభాషల్లో పై చదువుల సైన్సు చెప్పడం అయ్యే పని కాదని గట్టిగా నమ్మే రోజుల్లో, 1918లో, ఉర్దూ బోధన భాషగా అది మొదలైంది. పుస్తకాల కోసం ఏకంగా ఒక అనువాద శాఖ పెట్టారు. వైద్యం కూడా ఉర్దూలోనే నేర్పారు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. మారడానికి రాజకీయ కారణాలున్నాయి, భాషకు చేతకాకపోవడం కారణం కాదు. 1968లో పుట్టిన తెలుగు అకాడమి డిగ్రీ దాకా భౌతిక, రసాయన శాస్త్రాలను తెలుగులో అచ్చువేసింది. అయినా తెలుగులో సైన్సు అసాధ్యమనేవాళ్ళు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు.

ఏ గడిలో వేయాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. అసాధ్యమన్నవి చాలా జరిగాయి కాబట్టి అన్నీ జరుగుతాయనుకోవడంలో ఒక లోపం ఉంది. జరిగినవే మనకు గుర్తుంటాయి. విమానం చరిత్రకెక్కింది. ఆగకుండా తిరుగుతాయని తయారుచేసిన వేల చక్రాలు ఏ పుస్తకానికీ ఎక్కకుండా తుప్పుపట్టాయి. కూలిన అసాధ్యాలన్నీ మొదటి రకానివో, మనుషులు పెట్టినవో. నియమం అడ్డుకున్నవి ఒక్కటీ కూలలేదు.

ఏ గడిలో వేయాలో ఇంకా తేలనివీ ఉన్నాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరును కుదిపేసిన భూకంపం హైదరాబాదు దాకా తెలిసింది. అప్పటి నుంచి జనం ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళను అడిగేది ఒక్కటే: ముందే చెప్పలేరా? ఫలానా రోజు, ఫలానా చోట, ఇంత తీవ్రతతో అని ఇవాళ ఎవరూ చెప్పలేరు. పరికరాలు అంత లోతుకు చేరక చెప్పలేకపోతున్నామని కొందరంటారు. అదే నిజమైతే ఇది గుంటూరు ఆకాశం లాంటిది, దారి దొరకాలి. రాయి జారడం మొదలయ్యాక కూడా అది చిన్న కుదుపుగా ఆగుతుందో, పెద్ద భూకంపంగా పెరుగుతుందో ముందుగా నిర్ణయమై ఉండదని మరికొందరంటారు. అదే నిజమైతే ఎంత మంచి పరికరమైనా చదవడానికి అక్కడేమీ ఉండదు. ఈ వాదం తేలడానికి ప్రపంచంలోకెల్లా అనువైన చోట్లలో ఒకటి మహారాష్ట్రలోని కోయనా. 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో అక్కడ భూమి కంపించింది. ఆ జలాశయం పక్కన, చిన్న పరిధిలోనే, ఇన్ని దశాబ్దాలుగా భూకంపాలు వస్తూనే ఉన్నాయి. ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వాటిని నమోదు చేస్తున్నారు. రాతిలోకి మూడు కిలోమీటర్ల లోతున బోరు కూడా దించారు. వచ్చే అధ్యాయంలో ఆ బోరులోకే దిగుదాం.